దాటేసిన నత్తవాగు

వా మెంగ్‌కి రెండు పనులు. రెండింట్లోనూ చెయ్యాల్సింది ఒకటే, దారి చూపించడం. చియాంగ్ మైలో హోటళ్ళ ముందు టోపీలు పెట్టుకుని నిలబడే టూరిస్టులకి కొండమీది గుడినీ, గుడి దాటాక ఇంకా పైన ఉన్న హ్మోంగ్ కొండజాతివాళ్ళ ఊరినీ చూపించి జీతం తెచ్చుకునేవాడు. ఆ ఊరు అతని సొంత ఊరే. ఊళ్ళో ఎవరైనా పోతే, ఆ పోయినవాళ్ళకి పుట్టినచోటి దాకా దారి చెప్పి ఒక కోడీ, ఒక సీసా సారా తెచ్చుకునేవాడు. మొదటి రకంవాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. రెండో రకంవాళ్ళు నోరెత్తరు. అందుకని రెండో పనే సుఖం అనుకునేవాడు, పది నెలల క్రితం దాకా.

ఆవేళ ఎర్రబండిలో ఏడుగురున్నారు. చిన్న గుంపు, సుఖమైన ప్రయాణం అని కంపెనీ కాగితం మీద వేస్తుంది గానీ, ఎదురెదురు బల్లల మీద ఏడుగురు కూర్చుంటే మోకాళ్ళూ మోకాళ్ళూ వియ్యంకుల్లా రాసుకుంటాయి. వాళ్ళలో పోలండ్ నుంచి వచ్చిన రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉంది. చూడవలసిన చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చి, చూసినదాని పక్కన టిక్కు పెట్టుకుంటోంది. టిక్కు పడనిదే బండి కదలనిచ్చేలా లేదు.

డ్రైవరు పేరు నాన్ కేవ్. నాన్ అంటే రొట్టె కాదు. వయసులో ఉండగా బౌద్ధ సన్యాసం పుచ్చుకుని, తర్వాత విడిచిపెట్టి సంసారంలో పడ్డవాణ్ణి ఆ వైపు అలా గౌరవంగా పిలుస్తారు. అరవై ఏళ్ళొచ్చాయి. సన్యాసం వదిలాడు గానీ సన్నాయి నొక్కులు వదల్లేదు.

"రేపు రానన్నావట?" అన్నాడు మలుపు తిప్పుతూ. "ఎవరికిరా మెంగూ దారి?"

"న్యా లోంగ్‌కి, మామా."

"ఆయనకి పోయినేడే చెప్పేశావుగా."

"అది పోయిన రోజు చెప్పేది. రేపు ఆత్మని ఒక్కసారి ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, వదిలేస్తారు. ఆ తర్వాత ఇంక పిలవరు."

"మీవాళ్ళ చావుకి కూడా రిటన్ టికెట్టుంటుందన్నమాట."

మామూలుగా అయితే ఈ మాటకి మెంగ్ నుంచి తక్కువలో తక్కువ మూడు జవాబులు రావాలి. ఆవేళ వెనక్కి తిరిగి ఏడు తలలూ లెక్కపెట్టుకున్నాడు. నాన్ కేవ్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పి ఒకసారి చూసి, గేరు మార్చాడు.

న్యా లోంగ్ కమ్మరి. మెంగ్ కన్నా పదిహేనేళ్ళు పెద్ద. మెంగ్ తండ్రి పోయాక అతనికి కొడవలి పట్టడం నేర్పిందీ, పెళ్ళికి అవతలివాళ్ళతో మాట్లాడిందీ ఆయనే. అలాంటి మనిషి పోతే దారి చెప్పవలసింది మెంగే. దారి చెప్పడమంటే మాటలా. మాటలే, కానీ తడబడకూడని మాటలు. పోయినవాడు ఇప్పుడున్న ఊరి నుంచి మొదలుపెట్టి, వెనక్కి, తను కాపురమున్న ప్రతి ఊరికీ నడిచి వెళ్ళాలి. ప్రతిచోటా ఆ నేల దేవతకి, ఇక్కడ నీ నీళ్ళు తాగాను, నీ కట్టెలు కాల్చుకున్నాను, సెలవిప్పించు అని చెప్పుకుని ముందుకు సాగాలి. చివరికి పుట్టిన ఇంటికి చేరి, నడిమి స్తంభం కింద పాతిపెట్టిన, తనతోపాటు కడుపులోంచి వచ్చిన మాయని తీసి తొడుక్కోవాలి. అదే మనిషి మొదటి చొక్కా. అది ఒంటిమీద లేకపోతే పైనున్న పెద్దలు గుర్తుపట్టరు. మాయని విడిస్తేనే మోక్షం అనేవాళ్ళు వేరే ఉన్నారు. వీళ్ళు మాయని తొడుక్కుని మరీ పోవాలి.

న్యా లోంగ్ కాపురమున్నవి తొమ్మిది ఊళ్ళు. ఒకచోట నేల చవుడైపోతే ఇంకోచోటికి, అక్కడ అటవీశాఖవాళ్ళు పొమ్మంటే మరోచోటికి. ఆ రోజు మెంగ్ టూరు నుంచి సరాసరి వచ్చాడు. కంపెనీ చొక్కా మీదే నల్లకోటు తొడుక్కుని శవం పక్కన కూర్చున్నాడు. ఆ వారమంతా వాన. టైము చాలక రోజూ దారిలోని జలపాతం ఎగరగొట్టి, గుంపుని నేరుగా గుడికి తీసుకుపోతున్నాడు. నాలుక్కి అదే అలవాటైపోయిందో, సారా ఎక్కువైందో, ఏడుస్తూ లెక్క తప్పాడో, ఎర్రమట్టి ఊరి నుంచి న్యా లోంగ్‌ని తిన్నగా అరటికోనకి తీసుకుపోయాడు. మధ్యలో నత్తవాగు ఉంది. న్యా లోంగ్ అక్కడ ఆరేళ్ళున్నాడు. ఆ ఊరి నీళ్ళకి దండం పెట్టలేదు, సెలవు తీసుకోలేదు. సెలవివ్వని నేల మనిషిని ముందుకి కదలనివ్వదు.

ఆ సంగతి మెంగ్‌కి పదకొండు రోజుల తర్వాత గుడి మెట్ల మీద టూరిస్టుల తలలు లెక్కపెడుతుంటే తట్టింది. ఒక తల తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాడు. తలలు సరిపోయాయి, ఊళ్ళు సరిపోలేదు. అక్కడే మెట్ల పక్కనున్న రాతి పాము తోక మీద కూలబడ్డాడు.

అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆ మెట్లెక్కుతూనే ఉన్నాడు.

ఇవాళా ఎక్కాడు. మూడొందల పైచిలుకు మెట్లు. ఎక్కేవాళ్ళకి గుండె దడ, ఎక్కించేవాడికి నోటి దడ. రెండు పక్కలా పామురాజులు పొడుగ్గా పడుకుని ఉంటే, మధ్యలో ఏడుగురూ రొప్పుతూ ఎక్కారు. నాన్ కేవ్ బండి ఆపేసి లిఫ్టులో వచ్చాడు. మోకాళ్ళు అరిగాక మొక్కులకి లిఫ్టే గతి అంటాడు.

పైన బంగారు స్తూపం ఎండకి కళ్ళు చెదిరేలా ఉంది. మెంగ్ రోజూ చెప్పే కథ చెప్పాడు. తెల్ల ఏనుగు వీపు మీద బుద్ధుడి అస్థిధాతువు పెట్టి వదిలేస్తే అది ఈ కొండెక్కి, మూడుసార్లు అరిచి, ప్రాణం వదిలిన చోట గుడి కట్టారని. "ఏనుక్కి దారి ఎవరు చెప్పారు?" అని టీచరమ్మ అడిగింది. ఆ ప్రశ్నకి మెంగ్ దగ్గర ఎప్పుడూ ఒక జోకుంటుంది. ఇవాళ "ఎవరూ చెప్పలేదండీ, అందుకే సరిగ్గా వచ్చింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు.

తామరమొగ్గలు పట్టుకుని స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగారు. తర్వాత వరసగా వేలాడే గంటలు. గంట కొట్టడానికి గంట పట్టేలా ఉందని నాన్ కేవ్ సణిగాడు. అందరూ కొట్టేసి అరుగు దగ్గరికి వచ్చాక టీచరమ్మ ఆగిపోయింది. మధ్యలో ఒక గంట తప్పిపోయిందట. ఎవరు చెప్పినా వినకుండా వెనక్కి వెళ్ళి, దాన్ని వెతికి, కొట్టి, కాగితం మీద టిక్కు పెట్టుకుని వచ్చింది. మిగతావాళ్ళు విసుక్కున్నారు. మెంగ్ మాత్రం ఆవిడ చేతివైపే చూస్తూ ఉండిపోయాడు. ఇరవై అడుగులు వెనక్కి నడిస్తే సరిపోయింది ఆవిడకి.

భిక్షువు అందరి మణికట్లకీ తెల్లదారాలు కడుతుండగా మెంగ్ గోడ పక్కకి వచ్చాడు.

"మామా, మీ సన్యాసులు శవం దగ్గర చదివేటప్పుడు ఒక ముక్క ఎగిరిపోతే ఏంచేస్తారు?"

"ఏం చెయ్యం. పాళీ భాష ఎవడికర్థమైంది? పేజీకి పేజీ ఎగిరిపోయినా జనం దండం పెడుతూనే ఉంటారు. నేనే రెండుసార్లు ఎగరగొట్టాను, ఆకలేసి."

"చచ్చినవాడి గతి?"

"కాల్చేస్తాంగా. బూడిదకి తొందరేముంది?" అంటూనే మెంగ్ మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏం చేశావురా?"

మెంగ్ చెప్పాడు. పది నెలల్లో మొదటిసారి. నాన్ కేవ్ మధ్యలో ఒక్క నొక్కు కూడా నొక్కకుండా విన్నాడు.

"రేపు ఎలాగూ పిలుస్తారన్నావుగా. సాగనంపేటప్పుడు ఆ ఊరు కూడా కలిపి మొదట్నించీ చెప్పెయ్. అయిపోతుంది."

"నలుగురి మధ్య నత్తవాగు అనగానే ఆయన భార్య బ్లియా వదినకి తెలిసిపోతుంది, మొదటిసారి చెప్పలేదని. ఈ పది నెలలూ ఆయన రోడ్డు మీదే ఉన్నాడని. ఆవిడ ఆ మాట జనంలో కూర్చుని వినాలా, మామా?"

"అయితే ఇవాళే చెప్పు."

"అందుకే ఇవాళ టూరుకి వచ్చాను. టూరు వంక లేకుండా ఆవిడ వాకిలి తొక్కలేను."

గుడి నుంచి పైకి దారి సన్నం. రెండు బండ్లు ఎదురైతే ఒకటి కొండని కౌగిలించుకోవాలి. ఊళ్ళోకి దిగగానే మెంగ్ గుంపుకి నలభై నిమిషాలిచ్చాడు. పూలతోట ఆ వైపు, విల్లూ బాణం ఈ వైపు, అద్దెకి కుచ్చుల బట్టలు మధ్యలో, బేరం ఎక్కడపడితే అక్కడ. అందరూ చెదిరిపోయారు.

బ్లియా ఇల్లు అంగళ్ళ వరస చివర, మెట్టదారి పైన ఉంది. వాకిట్లో చాప వేసుకుని, దంచిన జిగురన్నాన్ని గుడ్డు సొన రాసిన అరిటాకు మీద వేసి, గుండ్రంగా రొట్టెల్లా ఒత్తుతోంది. రేపటి చేటలోకి. చేట మీద వెదురుబద్దలు వంచి, వాటికి న్యా లోంగ్ చొక్కా తొడిగి, దాని ముందు ఈ రొట్టెలు పెడతారు. లోపల కోడలు నాలుగు నెలల పాపని ఎత్తుకుని తిప్పుతోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. పుట్టినప్పటి నుంచీ అంతే. ఊరి పూజారి పూనకంలో చూసి, తాత దారికడ్డంగా నిలబడి ఉన్నాడు, శవానికి తొడిగిన నార చెప్పులు అరిగిపోయి ఉన్నాయి అన్నాడు. అందుకే కొడుకులు తొందరపడి రేపటికి ముహూర్తం పెట్టుకున్నారు.

"ఏం మరిదీ, ఇవాళ కూడా మందని తోలుకొచ్చావా?" అంది బ్లియా తలెత్తకుండా.

"ఏడు గొర్రెలే వదినా. ఒకటి కాస్త పొడిచే రకం."

"కూచో. చేతులంటుకుంటాయి, ముట్టుకోకు. రేపు గొంతు ఉంటుందా నీకు? పోయినసారి మధ్యాహ్నానికే బొంగురుపోయింది."

ఇదే సమయం అనుకున్నాడు మెంగ్. నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చింది వేరే మాట. రొట్టెలు ఎన్నయ్యాయి అని అడిగాడు. ఇరవై రెండంది. బియ్యం కొత్తవా అన్నాడు. కొత్తవే అంది. పిల్లి ఎక్కడా కనపడదేం అన్నాడు. ఏడుగురు టూరిస్టుల్ని రోజంతా మాటల్తో మోసే మనిషికి ఒక్క మాట బరువైపోయింది.

"నీకేదో కావాలి," అంది బ్లియా. "లేకపోతే నా పిల్లి నీకెందుకు?"

"వదినా. ఆ రోజు నేను దారి చెప్పేటప్పుడు..."

"నత్తవాగు," అంది.

మెంగ్ అప్పుడు చాప అంచున కూర్చున్నాడు.

"ఎర్రమట్టి దగ్గర నీళ్ళకి మూడుసార్లు దండం పెట్టించావు. అక్కడి బావి సంగతి కూడా చెప్పావు, బాగా చెప్పావు. తర్వాత అరటికోన అన్నావు. నేను అటుపక్క కుండ కడుగుతున్నా. కుండ కింద పెట్టేశాను."

"విన్నావా?"

"నేను ఏడ్చాను గానీ చెవుడు రాలేదయ్యా నాకు."

"మరి అప్పుడే అనొచ్చుగా. వెనక్కి తిప్పేవాణ్ణి."

బ్లియా ఇంకో ముద్ద తీసుకుని అరిటాకు మీద వేసింది. చాలాసేపు ఒత్తింది. అది మిగతావాటికన్నా పలచనైపోయింది.

"నలభై ఒక్కేళ్ళున్నాను ఆయనతో. ఆ తొమ్మిదిలో ఎనిమిది ఊళ్ళు కట్టుకోవడానికి మాకు నలభై ఒక్కేళ్ళు పట్టింది. నువ్వు పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి అన్నీ దాటించేస్తున్నావు. ఒక్కో ఊరూ అయిపోతుంటే నేను వేళ్ళు మడుస్తున్నాను. ఇంక ఎనిమిది, ఇంక ఏడు. ఆయన మనసంతా ముందుకే, వెనక్కి తిరిగి చూడ్డు, ఆ చెప్పులేసుకుని పోతూనే ఉన్నాడు. అప్పుడు నువ్వు ఊరు తప్పావు. ఆగితే ఆగనీ అనుకున్నాను. నేను ఆపలేదు. నువ్వే ఆపావు. నేను నోరు మూసుకున్నానంతే."

"వదినా..."

"ఇక్కడే ఉన్నాడు. ఊరికే అనుకోకు. గిన్నెలో అన్నం పెడితే పొద్దుటికి మీద కాస్త లోతు పడుతుంది. కొలిమి ముట్టించి పది నెలలైంది, పొద్దున్నే చెయ్యి పెట్టి చూస్తే బూడిద వెచ్చగా ఉంటుంది. రా చూపిస్తాను."

చూడక్కర్లేదన్నాడు మెంగ్. కొలిమి బూడిదలో ముడుచుకుని పడుకున్న పిల్లి అతనికి కూర్చున్నచోటినుంచే అప్పుడు కనపడింది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఒక తప్పు చెప్పకుండా పది నెలలు దాచినవాడికి ఒక పిల్లిని దాచడం లెక్కలోది కాదు.

లోపల పాప ఏడుపు మళ్ళీ పెద్దదైంది.

"రేపు కూడా దాటెయ్ మెంగ్," అంది బ్లియా. "ఎవరికీ తెలీదు. నేను తప్ప ఆ లెక్క తెలిసినవాళ్ళు లేరు. నత్తవాగులో ఉన్నప్పటికి కొడుకులు పుట్టను కూడా లేదు."

"చంటిది అలా..."

"తెలుసు."

"పూజారి చెప్పింది..."

"తెలుసంటున్నాగా. ఆకలేసి ఉంటుంది ఆయనకి. నేను పెట్టేది సరిపోదు. అడగడం చేతకాదు. పక్కనున్నవాళ్ళని గిల్లుతాడు. బతికున్నప్పుడూ అంతే, అన్నం ఆలస్యమైతే నన్ననేవాడు కాదు, కుక్కని తిట్టేవాడు." ఆవిడ నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది. "మనవరాల్ని అనకూడదుగా. అది కుక్క కాదుగా."

అప్పుడే టీచరమ్మ మెట్టదారెక్కి వచ్చింది, చేతిలో కాగితంతో. గుండ్రటి తెల్ల రొట్టెల్ని చూసి, ఒకటి కొనొచ్చా అని మెంగ్‌ని అడిగింది. మెంగ్ బ్లియా వైపు తిరిగాడు.

"అమ్మనని చెప్పు. ఇవి ఆయనవి."

మెంగ్ తిప్పి చెప్పాడు. అయితే ఇంట్లో పండగా, ఎవరైనా వస్తున్నారా అని అడిగింది టీచరమ్మ. ఒకాయన వచ్చి వెళ్తాడన్నాడు మెంగ్. మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది ఆవిడ, ఊరికే, మర్యాదకి. మెంగ్ దాన్ని బ్లియాకి చెప్పలేదు. కానీ టీచరమ్మ మొహం చూస్తే ఏం అడిగిందో ఎవరికైనా తెలుస్తుంది. బ్లియా తల అడ్డంగా ఊపి, ఇంకో ముద్ద తీసుకుంది.

కింద నాన్ కేవ్ హారన్ కొట్టాడు.

"రేపు నన్నేం చెయ్యమంటావు వదినా?"

ఆవిడ అరిటాకులు పేర్చుకుంటూ ఉండిపోయింది. మెంగ్ లేచి, మెట్లు దిగి, ఏడుగుర్నీ లెక్కపెట్టి, బండెక్కించాడు.

సగం కొండ దిగాక నాన్ కేవ్ అడిగాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"తిట్టిందా?"

"తిట్టుంటే బావుండేది మామా."

మర్నాడు పొద్దున్నే ఇల్లంతా జనం. చేట మీద న్యా లోంగ్ చొక్కా నిలబడి ఉంది, మెడ దగ్గర ఖాళీగా. రాత్రే పెద్దకొడుకు ఊరి చివరిదాకా వెళ్ళి తండ్రి ఆత్మని పిలిచాడు. గొట్టపు వాద్యం మోగింది. కోడి మాంసం, అన్నం, సారా చేట ముందు పెట్టారు. మెంగ్ కంపెనీ చొక్కా వేసుకోలేదు. రెండు వెదురు చెక్కలు విసిరి, వచ్చావా అని అడిగాడు. వచ్చానన్నట్టే పడ్డాయి. తిన్నావా అని అడిగాడు. చాలాసేపు తినలేదన్నట్టే పడ్డాయి, తర్వాత తిన్నానన్నట్టు పడ్డాయి. లోపల పాప ఏడుస్తూనే ఉంది.

దారి మళ్ళీ మొదటినుంచీ చెప్తానన్నాడు మెంగ్. పెద్దలు కొంచెం వింతగా చూశారు గానీ, చెప్పేవాడికి తెలిసే ఉంటుందనుకున్నారు. ఈ ఊరికి సెలవు చెప్పించాడు. ఎర్రమట్టి చేర్చాడు. బావికి దండం పెట్టించాడు, కట్టెలకి దండం పెట్టించాడు. ఆ తర్వాత ఆగాడు.

ఏం చెయ్యాలో అతనికి అప్పటికీ తెలీదు. ఇటు తిరిగితే న్యా లోంగ్ వెళ్ళిపోతాడు. అటు తిరిగితే ఆ చెప్పులతోనే నిలబడి ఉంటాడు, ఏడాదికేడాది. గొంతు తడుపుకున్నాడు. మళ్ళీ తడుపుకున్నాడు. ఇంట్లోవాళ్ళు, పాపం బొంగురుపోయిందనుకుని ఇంకో కప్పు పోశారు.

బ్లియా అటుపక్క నీళ్ళ కుండ దగ్గర ఉంది. దారి చెప్పేటప్పుడు ఆడవాళ్ళు మధ్యలో మాట్లాడరు.

"అక్కడ నీళ్ళు వాగులో తీసుకునేవాళ్ళం కాదు," అంది. ఇల్లంతా తిరిగి చూసింది. ఆవిడ కుండ వైపే చూస్తూ చెప్పింది. "వాగు మురికి. ఎగువన బండ కింద ఊట ఉండేది. రెండు కుండలు నిండడానికి చాలాసేపు పట్టేది. ఆయనే తెచ్చేవాడు, నాకప్పుడు పెద్దవాడు కడుపులో. ఆ ఊటకి చెప్పించు. వాగుకి చెప్తే తప్పవుతుంది."

మెంగ్ నత్తవాగు పేరెత్తాడు. ఊటకి దండం పెట్టించాడు. బండకి, కట్టెలకి, ఆరేళ్ళకి సెలవు చెప్పించాడు. చెక్కలు విసిరితే ఒక్కసారికే సరిగ్గా పడ్డాయి. ఎవరో హమ్మయ్య అన్నారు. బ్లియా చెయ్యి కుండ అంచు మీద ఉంది. ఒక వేలు మడిచింది.

మెంగ్ అరటికోన అనబోతుంటే, "ఇంకెన్ని?" అంది.

"ఆరు వదినా."

"మెల్లగా చెప్పు. ఇవాళ నీకు టూరు లేదుగా."

మధ్యాహ్నానికి అయిపోవలసిన ఆరు ఊళ్ళూ సాయంత్రం దాకా చెప్పాడు మెంగ్. ప్రతి ఊళ్ళోనూ ఆగి, ఇంకేమైనా ఉందా అన్నట్టు కుండ వైపు చూశాడు. ఒకచోట పనసచెట్టుంది. ఒకచోట వర్షానికి కూలిన గోడుంది. ఒకచోట ఏమీ లేదంది, కానీ ఆ ఏమీ లేనిదాని గురించే ఎక్కువసేపు చెప్పింది. చివరి ఊరు వచ్చేసరికి ఆవిడ దగ్గర చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఆయన పుట్టి, ఆవిడని కలవకముందే వదిలేసిన ఊరది. దాని గురించి ఆవిడకి తెలీదు. అక్కడి నుంచి ఆయన ఒక్కడే వెళ్ళాలి.